ఖాళీగా ఉన్న పై అంతస్తు: ఒక పోర్షనా, రెండా, హాస్టలా, పిల్లల కాపురమా?

హైదరాబాదులో వనస్థలిపురం, కూకట్‌పల్లి వంటి కాలనీల్లోనూ, విజయవాడ, గుంటూరు, వరంగల్ వంటి నగరాల్లోనూ పాతికేళ్ల కిందట రెండు వందల గజాల స్థలంలో కట్టుకున్న రెండంతస్తుల ఇళ్లు చాలావాటిలో ఇవాళ కింద ఇద్దరు పెద్దవాళ్లు ఉంటున్నారు, పైన తాళం వేలాడుతోంది. పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో స్థిరపడ్డారు. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు దులిపి తెరవడానికి తప్ప ఆ అంతస్తు మరి దేనికీ ఉపయోగపడడం లేదు. దాన్ని వేరే నివాసంగా మార్చాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఎవరైనా మొదట వేసుకునే ప్రశ్న అద్దె ఎంత వస్తుందన్నది. నిజానికి అది చివర వేసుకోవలసిన ప్రశ్న. పైకి వెళ్లే మెట్లు ఎక్కడున్నాయి, బాత్రూం పైపులు ఏ గోడ వెంట దిగుతున్నాయి, వంటగదికి చోటు ఎక్కడ దొరుకుతుంది అన్న మూడు సంగతులే మనకు ఏయే మార్గాలు తెరిచి ఉన్నాయో తేల్చేస్తాయి. అద్దె లెక్క ఆ మిగిలిన మార్గాల మధ్య ఎంచుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

మార్గాలు స్థూలంగా ఐదు. అంతస్తు మొత్తాన్ని ఒకే కుటుంబానికి ఒక పోర్షన్‌గా ఇవ్వవచ్చు. నడుమ గోడ కట్టి రెండు చిన్న పోర్షన్లు చేయవచ్చు. గదికి ఇంతమంది చొప్పున పీజీ హాస్టల్ నడపవచ్చు, లేదా నడిపేవారికి ఇవ్వవచ్చు. రోజువారీ అద్దెకు ఇవ్వవచ్చు. కొడుకో కూతురో తిరిగి వస్తే వేరు వంటిల్లు పెట్టి వారికే ఇవ్వవచ్చు. తాళం వేసి ఉంచడాన్ని ఆరో మార్గంగా చెప్పేవారున్నారు గానీ అది ఖర్చులేని మార్గమేమీ కాదు. వాడని బాత్రూంలో ట్రాపుల్లోని, అంటే వాసనను ఆపే పైపు వంపుల్లోని నీరు ఎండిపోతే డ్రైనేజీ వాసన, దాని వెంట బొద్దింకలు పైకి వస్తాయి; వానాకాలంలో శ్లాబు చెమ్మగిల్లినా, చెద పట్టినా చూసేవారుండరు.

మెట్లు, డాబా

పాత ఇళ్లలో మెట్లు బయట, వరండా పక్క నుంచి పైకి వెళ్లి అక్కడి నుంచి డాబా మీదికి కొనసాగుతాయి. అటువంటి ఇల్లు ఉన్నవారికి పని సగం అయిపోయినట్లే. చిక్కంతా డూప్లెక్స్ పద్ధతిలో హాలు లోపలి నుంచి మెట్లు వేసుకున్న ఇళ్లతో వస్తుంది, ఎందుకంటే అద్దెకుండేవారు రాత్రి పదకొండింటికి మన హాలులోంచి నడిచి పైకి వెళ్లే ఏర్పాటును ఏ ఇద్దరూ ఎక్కువకాలం భరించలేరు.

ఇటువంటి ఇంట్లో మొదట చూడవలసినది, మొదటి మెట్టు వీధి తలుపుకు ఎంత దూరంలో ఉందన్నది. పది అడుగుల లోపు ఉంటే వీధి తలుపు నుంచి మెట్ల దాకా నాలుగడుగుల వెడల్పున ఒక నడవాను విడదీసి, హాలులోకి మరో తలుపు పెట్టుకుంటే సరిపోతుంది. హాలు కొంత చిన్నదవుతుంది, అందులో ఉన్న ఒక కిటికీ వెలుతురు నడవాలోకి పోవచ్చు; అయినా ఇది అన్నిటికన్నా తక్కువ ఖర్చు పని, పైగా రేపు ఇల్లు మళ్లీ ఒకటి చేసుకోవాలంటే ఆ గోడ తీసేస్తే చాలు. మెట్లు ఇంటి నడిమధ్యనో వెనకవైపో ఉంటే మాత్రం బయట ఇనుప మెట్లు పెట్టడం గురించి ఆలోచించక తప్పదు.

బయటి మెట్లకు చోటు లెక్క ముందే వేసుకోవాలి. అంతస్తు ఎత్తు శ్లాబుతో కలిపి పదిన్నర అడుగులు అనుకుంటే, మెట్టుకు ఏడంగుళాల చొప్పున పద్దెనిమిది ఎత్తులు వస్తాయి. మెట్టు వెడల్పు పదంగుళాలు పెడితే తిన్నగా వెళ్లే మెట్లకే పద్నాలుగు అడుగుల పొడవు కావాలి, ఆ పైన కిందా మీదా నిలబడే చోటు వేరే. అంత చోటు లేక చాలామంది గుండ్రటి మెట్లు పెట్టించుకుంటారు. అవి ఐదడుగుల వ్యాసంలో ఇమిడిపోయే మాట నిజమే గానీ వాటి మీదుగా బీరువా ఎక్కదు, రెండు తలుపుల ఫ్రిజ్ ఎక్కదు, ముప్పై కిలోల దగ్గర బరువుండే నిండు గ్యాస్ సిలిండర్‌ను భుజాన మోసుకుంటూ ఎక్కడం ప్రమాదం, ఒంట్లో బాగాలేని మనిషిని దించడం ఇంకా ప్రమాదం. అందుచేత గుండ్రటి మెట్లను డాబా మీదికి వెళ్లడానికి వాడుకోవచ్చు గానీ ఒక కుటుంబం కాపురముండే ఇంటికి అవే దారి కాకూడదని నా అభిప్రాయం. ప్లానులో చూపని మెట్లను సెట్‌బ్యాక్ స్థలంలో, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలవలసిన చోట, కాంక్రీటుతో కట్టడం అతిక్రమణ కింద లెక్కకు రావచ్చు కనుక, పని మొదలుపెట్టక ముందే మంజూరైన పాత ప్లాను కాగితాన్ని వెతికి తీసి, లైసెన్సు ఉన్న ఇంజనీరుకు చూపించడం మంచిది.

ఇక చాలామంది మరిచిపోయే సంగతి డాబా. పై అంతస్తు అద్దెకిచ్చిన తరువాత కూడా కింద ఉన్న ఇల్లాలు వేసవిలో వడియాలు పెట్టుకోవడానికి, ఆవకాయ కారం ఎండబెట్టుకోవడానికి పైకి వెళ్లాలి. ట్యాంకు కడిగించాలన్నా, కేబుల్ మనిషి వచ్చినా, సౌర పలకలు తుడవాలన్నా డాబా మీదికే వెళ్లాలి. ఆ దారి అద్దెకున్నవారి వసారాలోంచి, వారి చెప్పుల స్టాండు పక్కనుంచి వెళ్లేదైతే ఏడాది తిరిగేలోగా మాట పట్టింపు వస్తుంది. పోర్షన్ తలుపును మెట్ల గదికి లోపలివైపు పెట్టి, డాబాకు వెళ్లే మెట్లు ఉమ్మడిగా మిగిలేటట్లు చూసుకుంటే ఈ తగవు పుట్టదు. రెండు పోర్షన్లు చేసేవారైతే డాబాలో ఎవరి బట్టల తీగ ఎటువైపో కూడా మొదటే చెప్పాలి.

వంటగది, బాత్రూం

పై అంతస్తులో సాధారణంగా పడకగదులు, వాటికి కలిపి బాత్రూములు ఉంటాయి; వంటగది ఉండదు. కొత్త వంటగదిని ఎక్కడ పెట్టాలన్నది వాస్తు కన్నా ముందు పైపులు నిర్ణయించాలి. కింది వంటగదికో బాత్రూముకో సరిగ్గా పైన వస్తే నీటి పైపు, వాడిన నీరు పోయే పైపు కొద్ది అడుగుల్లో అందుతాయి, ఎప్పుడైనా కారినా కింద తడి గదిలోనే కారుతుంది. మన ఇళ్లలో వంటగది ఆగ్నేయాన ఉండడం మామూలు కనుక పైదీ అక్కడే వస్తుంది, అప్పుడు వాస్తుకూ పైపులకూ పేచీ ఉండదు. కష్టమల్లా ఆగ్నేయపు పైగదిని పడకగదిగా కట్టుకున్నప్పుడు వస్తుంది. అప్పుడు ఆ గదినే వంటగదిగా మార్చి, పడకగదిని వదులుకోవడమే మేలు తప్ప, ఎక్కడో బాల్కనీ మూసి అందులో గట్టు పోయించడం మేలు కాదు. బాల్కనీ గట్టు దగ్గర వానజల్లు, ఇరుకు, గాలికి ఆరిపోయే పొయ్యి అన్నీ కలిసి అద్దెకున్నవారిని త్వరగానే వెళ్లగొడతాయి.

కొత్త బాత్రూం ఇంకా జాగ్రత్తగా చూడవలసిన పని. బాత్రూం కోసం శ్లాబును ముందే దించి పోసి ఉంటే సమస్య లేదు. లేనిచోట నేలను ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పైకి లేపి పైపులు నడపాలి, అంటే గది గుమ్మం దగ్గర మెట్టు వస్తుంది. శ్లాబుకు రంధ్రం కొట్టకుండా ఉండాలంటే గోడలోంచి బయటికి పోయే పీ ట్రాప్ కమోడ్ పెట్టి, దాన్ని బయటి గోడకు ఆనించి అమర్చి, నాలుగంగుళాల పైపును బయటి నుంచే దించవచ్చు. ఈ ఒక్క నిర్ణయం వల్ల కింది ఇంటి పైకప్పు భద్రంగా ఉంటుంది. అలాగే కింద పూజగది ఉన్నచోట పైన బాత్రూం రావడం పెద్దవాళ్లకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ మాట కాంట్రాక్టరు గీత గీయకముందే చెప్పాలి, టైల్స్ వేసిన తరువాత కాదు.

రెండు పోర్షన్లుగా విడదీసేటప్పుడు గోడల బరువు లెక్కలోకి వస్తుంది. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ప్లాస్టరింగు కాకుండానే సుమారు రెండు టన్నులు తూగుతుంది. కింద దూలం లేనిచోట అంత బరువు శ్లాబు మీద నిలబెట్టకూడదు. అక్కడ గాలి బుడగలతో తేలికగా చేసిన ఏఏసీ కాంక్రీటు దిమ్మెలో జిప్సం బోర్డో వాడాలి. జిప్సం బోర్డుకు శబ్దం ఆగదు, పక్క పోర్షన్‌లో మిక్సీ తిరిగినా, ఫోను మాట్లాడినా వినబడుతుంది. వెయ్యి లీటర్ల కొత్త ట్యాంకు పెడితే అది కూడా ఒక టన్ను పైమాటే, స్తంభాల మీదికి వచ్చేటట్లు పెట్టాలి.

ఒకటా, రెండా

అద్దె మొత్తం చూస్తే రెండు చిన్న పోర్షన్లే లాభంగా కనిపిస్తాయి, ఇంటి మధ్యవర్తులు కూడా అదే చెబుతారు. ఊహకు ఒక లెక్క చూద్దాం. పదకొండు వందల చదరపు అడుగుల అంతస్తుకు ఒకే పోర్షన్‌గా నెలకు 16,000 రూపాయలు, రెండుగా చేస్తే 10,000, 9,000 వస్తాయనుకుందాం. తేడా నెలకు 3,000, ఏడాదికి 36,000. రెండో వంటగది, అదనపు గోడలు, మరో మీటరు, మరో వరుస పైపులకు మూడు లక్షలు అదనంగా ఖర్చయితే ఆ ఖర్చు తిరిగి రావడానికే ఎనిమిదేళ్లు దాటుతుంది. ఈలోగా ఇద్దరు అద్దెదారులు మారినప్పుడల్లా ఇద్దరికీ సున్నాలు, రంగులు వేయించాలి. మీ కాలనీలో అంకెలు వేరుగా ఉంటాయి, కానీ లెక్క వేయవలసిన తీరు ఇదే: మొత్తం అద్దెను కాక, విడదీయడం వల్ల పెరిగే అద్దెను, విడదీయడానికి అయ్యే అదనపు ఖర్చుతో పోల్చాలి.

రెండింటికి అనుకూలంగా చెప్పదగిన మాట కూడా ఒకటుంది. ఒక పోర్షన్ ఖాళీ అయినా రెండోదాని అద్దె ఆగదు. అద్దె మీదే ఆధారపడి బతికే పింఛను లేని కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. పైగా పిల్లలు వచ్చినప్పుడు ఉండడానికి ఒక చిన్న పోర్షన్ తమకే అట్టిపెట్టుకుని రెండోది మాత్రమే అద్దెకివ్వవచ్చు. ఈ చివరి ఏర్పాటు చేసుకోదలచినవారికి రెండుగా చేయడమే సరైనదని చెబుతాను.

అయితే అన్ని అంతస్తులూ రెండుగా తెగవు. జాతీయ భవన నియమావళి ప్రకారం నివాసపు గదుల్లో ఒకటైనా కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే నూట రెండు చదరపు అడుగులు ఉండాలి, వంటగది 5 చదరపు మీటర్లు ఉండాలి, గది ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదు. రెండు వందల గజాల స్థలంలో పక్క ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక గాలీ వెలుతురూ ప్రధానంగా ముందూ వెనకల నుంచే వస్తాయి. అటువంటి అంతస్తును నడుమకు కోస్తే ఏదో ఒక పోర్షన్‌లో కిటికీ లేని గది మిగులుతుంది, దాన్ని పడకగది అని చెప్పి అద్దెకివ్వడం న్యాయం కాదు. మూలమలుపు స్థలం, అంటే రెండువైపులా రోడ్డున్న ఇల్లయితే ఈ ఇబ్బంది ఉండదు.

హాస్టల్, రోజువారీ అద్దె

అమీర్‌పేట, మాదాపూర్ వంటి చోట్ల పీజీ హాస్టల్ వల్ల వచ్చే ఆదాయం కుటుంబ అద్దె కన్నా బాగా ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ అది అద్దె కాదు, వ్యాపారం. ట్రేడ్ లైసెన్సు కావాలి, భోజనం పెడితే ఆహార భద్రతా సంస్థ అనుమతి కావాలి, కరెంటు, ఆస్తిపన్ను గృహ వినియోగపు రేట్లలోనే ఉండిపోతాయని అనుకోకూడదు. నెలకు మనిషికి 20,000 రూపాయలు మించకుండా, వరుసగా కనీసం తొంభై రోజులు ఉండేవారికి ఇచ్చే వసతిపై జీఎస్టీ లేకుండా 2024 జూలైలో మినహాయింపు వచ్చింది కనుక మామూలు హాస్టళ్లకు ఆ బెడద తగ్గింది. అసలు బెడద నీళ్లది. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్కిస్తే నలుగురున్న కుటుంబానికి 540 లీటర్లు, అదే అంతస్తులో పదహారు మంది కుర్రాళ్లకు 2,160 లీటర్లు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలనీలో, కింద మనతో కలిపి, ఐదు వేల లీటర్ల సంపు దానికి బొటాబొటి. వేసవిలో ట్యాంకరు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. కింద వృద్ధ దంపతులు ఉండే ఇంటి పైన హాస్టల్ పెట్టమని నేను చెప్పలేను.

రోజువారీ అద్దె గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తిరుపతి, విశాఖపట్నం వంటి యాత్రికులు, పర్యాటకులు వచ్చే ఊళ్లలో, దుప్పట్లు మార్చి తాళాలు అందించే మనిషి దగ్గర ఉంటే అది నడుస్తుంది. విదేశీ పౌరులు బస చేస్తే ఇరవై నాలుగు గంటల్లోగా ఆ వివరాలను అధికారులకు సమర్పించాలన్న నియమం గుర్తుంచుకోవాలి.

పిల్లలకే ఇచ్చినప్పుడు

కొడుకూ కోడలూ పైన కాపురం పెట్టే ఏర్పాటులో కట్టుబడి పని తక్కువ, కాగితాల పని ఎక్కువ. హాలులోంచి వెళ్లే మెట్లు ఉన్నా ఇబ్బంది లేదు. పైన తలుపొకటి పెట్టి, చిన్నదైనా పూర్తి వంటగది కట్టిస్తే చాలు. వంటగది అనవసరం, అందరం కింద కలిసే తింటాం అనే మాట మొదటి నెలల్లో నిజమే అవుతుంది. అయినా గట్టూ సింకూ ఉంటే కలిసి తినడం ఇష్టంగా సాగుతుంది, లేకపోతే అది కట్టుబాటుగా మారుతుంది.

పై అంతస్తును పిల్లల పేర రాసివ్వాలా, ఉండనిస్తే చాలా అన్నది వేరే ప్రశ్న. తొందరపడి రిజిస్ట్రేషన్ చేయడం కన్నా వీలునామాలో రాయడం పెద్దవాళ్లకు భద్రం. రాసివ్వక తప్పదనుకుంటే, తమ పోషణ బాధ్యత తీసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను కింద ఆ షరతు తప్పినప్పుడు బదిలీని రద్దు చేయమని కోరే వీలు దానివల్లే కలుగుతుంది.

మీటరు, పన్ను, ఒప్పందం

మార్గం ఏదైనా వేరే కరెంటు సర్వీసు తీసుకోవడం గురించి రెండో ఆలోచన అక్కర్లేదు. తెలంగాణలో 2022-23 నుంచి అమలైన గృహ రేట్లలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 రూపాయలు, 201 నుంచి 300 వరకు 7.70 చొప్పున పడుతుంది. వాడకం వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, తరువాతి వందకు 4.80. రెండు కుటుంబాలు తలా 150 యూనిట్లు ఒకే మీటరు మీద వాడితే స్థిర చార్జీలు కాక 1,790 రూపాయలు, విడి మీటర్ల మీద వాడితే ఇద్దరికీ కలిపి 1,160. ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కూడా ఉమ్మడి మీటరు వాడకం ఆ గీత దాటితే ఇద్దరికీ అందదు. ఆంధ్రప్రదేశ్‌లో రేట్లు వేరైనా, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరగడం అక్కడా ఉంది. సబ్ మీటరు పెట్టుకుంటే ఎవరి వాడకం ఎంతో తెలుస్తుంది తప్ప యూనిట్ రేటు తగ్గదు. నీళ్ల మోటారు ఎవరి మీటరు మీద ఉండాలో ముందే తేల్చుకోవాలి. ఒక హెచ్‌పీ మోటారు రోజుకు గంట నడిస్తే నెలకు పాతిక యూనిట్ల దాకా కాలుతుంది.

ఆదాయపు పన్నులో అద్దెకిచ్చిన భాగాన్ని విడిగా చూపాలి. ఏడాదికి 1,80,000 అద్దె వచ్చి, ఆ భాగానికి 6,000 ఆస్తిపన్ను చెల్లించారనుకుంటే, మిగిలిన 1,74,000లో 30 శాతం, అంటే 52,200 మినహాయించి, 1,21,800 మీద మాత్రమే పన్ను లెక్కిస్తారు. మరమ్మతు రసీదులు చూపనవసరం లేదు, చూపినా అంతకన్నా ఎక్కువ రాదు. మార్పు పనుల కోసం అప్పు చేస్తే దాని వడ్డీని వేరుగా మినహాయించుకోవచ్చు. ఇల్లు విదేశంలో ఉన్న కొడుకు పేర ఉంటే సంగతి మారిపోతుంది: యజమాని ప్రవాసి అయినప్పుడు అద్దె ఎంత చిన్నదైనా అద్దెకున్న మనిషి అందులోంచి 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఇందుకు ఒప్పుకునే అద్దెదారు దొరకడం అంత సులభం కాదు కనుక, ఇటువంటి ఇళ్లలో సంస్థలు తమ ఉద్యోగుల కోసం తీసుకునే అద్దె నయం; వారి లెక్కల విభాగం ఆ పని చూసుకుంటుంది.

ఒప్పందం పదకొండు నెలలకు రాసుకోవడం మన ఊళ్లలో ఆనవాయితీ. అందులో అద్దె, అడ్వాన్సు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు మోటారు బిల్లు వాటా, డాబా వాడకం, వాహనాల చోటు, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు, నోటీసు గడువు కూడా రాయించండి. నోటీసు గడువు రాయకపోతే నెలనెలా అద్దె పద్ధతికి చట్టం ఇచ్చేది పదిహేను రోజులే; పిల్లల చదువు నడుమ ఇల్లు వెతుక్కోవలసిన కుటుంబానికి అది చాలదు, కొత్తవారిని వెతుక్కోవలసిన యజమానికీ చాలదు. రెండు నెలలు రాసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది.